దృశ్యంలో వాటా

మే నెల వస్తే చాలు, ఫోన్లలో కొండలు మొలుస్తాయి. మబ్బులు, జలపాతాలు, రైలు కిటికీలోంచి బయటికి చాచిన ఒక చెయ్యి, గాజుగ్లాసులో టీ, దాని వెనక మసగ్గా లోయ. ప్రతి ఫోటో కిందా ఒకటే ప్రశ్న: "ఇదెక్కడ?" బాగా దగ్గరివాళ్ళయితే ఆ మాత్రం మర్యాద కూడా ఉండదు. "లొకేషన్ పంపు" అంటారు, అంతే. హైదరాబాద్ ఎండలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో, కూలర్‌లో నీళ్ళు పోసుకుంటూ ఆ ప్రశ్న అడిగేవాళ్ళని చూసి నేను నవ్వను. చల్లటి చోటు ఎక్కడుందో తెలుసుకోవాలనుకోవడం ఆకలి లాంటిదే. కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలా వద్దా అన్నది ఒక నైతిక సమస్య అని ఈమధ్య నాకు గట్టిగా అనిపిస్తోంది. చిన్న విషయానికి పెద్ద మాట వాడుతున్నానని తెలుసు. అయినా ఆ మాటే వాడతాను.

చెప్పాలనే కోరిక ఫోన్లు అంటించిన జబ్బేం కాదు. స్నేహం గురించి రాసిన పుస్తకంలో సిసిరో, ఆర్కిటాస్ అనే పాత గ్రీకు తత్వవేత్త మాటగా ఒక ఊహ చెప్తాడు: ఒక మనిషి ఆకాశానికెక్కి నక్షత్రాల అందమంతా కళ్ళారా చూశాడనుకోండి, దిగొచ్చాక చెప్పుకోడానికి ఒక్కరూ లేకపోతే అంత అద్భుతమూ అతనికి చప్పగానే ఉంటుంది. బృహదారణ్యకోపనిషత్తు ఇంకాస్త దూరం వెళ్తుంది. సృష్టికి ముందు ఒక్కడే ఉన్నవాడికి ఆనందం కలగలేదు, అందుకే రెండో మనిషిని కోరుకున్నాడు అంటుంది. అంటే లోకం పుట్టిందే తోడు లేక. ఇక కాంట్ 1790లో రాసిన పుస్తకంలో ఒక తేడా పట్టుకున్నాడు. ఫలానాది నాకిష్టం అనడం వేరు, అది అందంగా ఉంది అనడం వేరు. మొదటిది నా నాలుక సంగతి. రెండోది అన్నప్పుడు, ఎదుటివాళ్ళు కూడా ఒప్పుకుని తీరాలని మనకి తెలీకుండానే పట్టుబడుతున్నాం. మాగాయ నాకు నచ్చదంటే నన్ను ఎవరూ ఏమీ అనరు (మా ఇంట్లో అంటారు, అది వేరే గొడవ). అరకు లోయ అందంగా లేదు అంటే మాత్రం "నువ్వు సరిగ్గా చూళ్ళేదు" అంటారు. అందం అనే మాటలోనే ఒక పిలుపు ఉంది.

కాబట్టి "ఎంజాయ్ చేసి ఊరుకోవచ్చు కదా, ఫోటోలెందుకు పెట్టడం" అనే సలహా నాకు ఎక్కదు. ఊరుకోవడం మన స్వభావంలో లేదు.

అయితే సిసిరో మనిషికి కావలసింది ఒక స్నేహితుడు. ఉపనిషత్తులో కోరుకున్నది రెండో మనిషిని, నాలుగు వేలమందిని కాదు. ఇక్కడే నాకు మన మాటలు రెండూ విడిగా వినిపిస్తాయి: పంచుకోవడం, షేర్ చేయడం. ఒకదానికొకటి అనువాదం అనుకుంటాం గానీ కాదు. పంచుకోవడంలో పంపకం ఉంది. మామిడిపండు నలుగురు పిల్లలకి పంచితే నాలుగు ముక్కలవుతుంది, టెంక ఎవరికన్న తగాదా వస్తుంది. అన్నదమ్ములు పంచుకుంటే గట్లు పడతాయి. ప్రతివాళ్ళకీ ఒక వాటా, ప్రతి వాటాకీ ఒక లెక్క. షేర్ ఆటోలో కూడా అంతే, సీటూ చార్జీ చెమటా అన్నీ పంచుకుంటాం. ఫోన్‌లో షేర్ చేసినప్పుడు మాత్రం ఏదీ విడిపోదు, నా దగ్గర ఏమీ తగ్గదు. చూసేవాళ్ళకి కూడా చెయ్యి చాపి అందుకున్నదేమీ ఉండదు. మరి తగ్గుదల అసలు లేనే లేదా? ఉంది. అది ఫోటోలో ఉన్న ఊళ్ళో జరుగుతుంది, మనకి కనపడదు.

ఇది నాకు ఊహగా తట్టింది కాదు. పోయిన మే నెలలో నేనూ నా స్నేహితురాలూ నాలుగు రోజులు అనంతగిరికీ అరకుకీ మధ్య కొండల్లో నడిచాం. విశాఖపట్నంలో పొద్దున్నే బయలుదేరే కిరండోల్ రైలు ఎక్కాం. ఈ రైలుకి అద్దాల బోగీ ఒకటి 2017 నుంచి ఉంది, చూరు కూడా అద్దమే. మేం మామూలు బోగీలోనే కూర్చున్నాం, కిటికీ తెరుచుకుంటుందని. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలందరూ ఒకేసారి కేకలు పెడతారు, పెద్దవాళ్ళు కూడా పెడతారు. ఇంత సంబరంగా వెళ్ళే ఈ లైను 1960లలో వేసింది మన కోసం కాదు. బైలడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి ఎగుమతి చెయ్యడానికి వేశారు. ఇప్పటికీ ఖనిజం బళ్ళు ఎదురొస్తుంటాయి, వాటికోసం మన బండి ఆగుతుంది. ఆ ఆగినప్పుడే జనం దిగి ఫోటోలు తీసుకుంటారు. ఖనిజం కోసం పడ్డ దారిలో దృశ్యం మనకి కొసరుగా దొరికింది.

ఒక చిన్న ఊళ్ళో, తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళ ఇంట్లో దిగాం. కాఫీతోటల మధ్య కాలిబాటలు, సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి పాకిన మిరియాల తీగలు. ఎండ ఉంది కానీ నీడలోకి జరిగితే చల్లగా ఉంది, మైదానంలో ఆ తేడా ఉండదు. పనస పండే రోజులు కావడంతో ఊరంతా అదే వాసన. పొద్దున చోడి అంబలి తాగి బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఆకలి తెలిసేది కాదు. గెడ్డలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, అవతలి కొండ మీద పోడు పొలాల గళ్ళు చూస్తూ, ఏ పనీ లేకుండా రెండు గంటలు గడిపేశాం. నాకు చాలా ఏళ్ళుగా అంత తీరిక దొరకలేదు. ఈ ఆనందాన్ని తక్కువ చేసి మాట్లాడాలని లేదు. విహారం మీద ఎవరైనా నీతులు చెప్పడం మొదలుపెడితే, వాళ్ళెప్పుడైనా గెడ్డలో కాళ్ళు పెట్టి కూర్చున్నారా అని నాకు అనుమానం వస్తుంది.

రెండో రోజు పొద్దున మేం ఎక్కుతున్న బాట మీద ఎదురుగా నలుగురు దిగుతున్నారు. ఇద్దరి భుజాల మీద ఒక వెదురు బొంగు, దానికి కట్టిన దుప్పటి, దుప్పటిలో ఒక ముసలాయన. మిగతా ఇద్దరూ భుజం మార్చుకోడానికి. తారురోడ్డు దాకా అలా మోసి, అక్కణ్ణుంచి అంబులెన్సు. ఏజెన్సీలో రోడ్డు లేని ఊళ్ళకి డోలీ కొత్త కాదు, పేపర్లలో చదువుతూనే ఉంటాం. మేం పక్కకి ఒరిగి నిలబడ్డాం. వాళ్ళు మమ్మల్ని చూసి ఆగలేదు, ఆగే తీరిక లేదు. అంతకు పది నిమిషాల ముందే అదే మలుపుని నేను ఫోటో తీశాను. ఎర్రమట్టి బాట, రెండు వైపులా పచ్చదనం, మనిషి జాడ లేదు. ఆ ఫోటో నిజంగా బావుంది. బావుండడానికి కారణం అక్కడ రోడ్డు లేకపోవడం.

ఆ తర్వాత ఆ బాటని "ఎవరూ పాడుచెయ్యని చోటు" అని పిలవడం నా వల్ల కాలేదు. ఆ మాటలో రెండు అబద్ధాలున్నాయి. అక్కడ ఎవరూ లేరనేది ఒకటి. అలా ఉండడం అక్కడివాళ్ళకి ఇష్టమనేది రెండోది. బొర్రా గుహల్ని ఒక ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టాడని గైడ్లు చెప్తారు. ఊళ్ళోవాళ్ళ కథలో మాత్రం ఒక ఆవు పైనున్న కంతలోంచి లోపల పడింది, దాన్ని వెతుక్కుంటూ పశువుల కాపరి దిగాడు, లోపల లింగం చూశాడు. ఆ కాపరి ఏమీ కనిపెట్టలేదు, తన ఆవుని వెతుక్కున్నాడు. మనం వేసవిలో ఒక వారం తిరిగొచ్చి "డిస్కవర్ చేశాం" అన్నప్పుడు ఆ కాపరి ఎక్కడున్నాడో చూసుకోవాలి.

ఇప్పుడు కొందరు యువ ట్రెకర్లలో ఒక కొత్త నియమం నడుస్తోంది: లొకేషన్ చెప్పొద్దు. జనం వస్తే చెత్త వస్తుంది, స్పీకర్లు వస్తాయి, సీసాలు పగుల్తాయి. అబద్ధమేం కాదు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి పొద్దున్నే మేఘాల్ని చూడొచ్చనే సంగతి కొన్నేళ్ళ కిందటి దాకా విశాఖలోనే చాలామందికి తెలీదు, ఫోన్లలో వీడియోలు తిరిగాక ఏమైందో చూశాం. అయినా ఈ దాచుకునే నీతి నాకు పడదు. దీని పూర్వీకులు ఎవరో గుర్తు చేసుకుంటే చాలు. మద్రాసు ప్రభుత్వం ఎండాకాలం ఊటీకి తరలిపోయేది. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ మీద 1870 ప్రాంతంలో కడప కలెక్టరు ఒకాయన వేసవి విడిది కట్టుకుంటే ఆ కొండ పేరే హార్స్‌లీ హిల్స్ అయిపోయింది. చల్లదనం కొద్దిమందికే అన్న ఏర్పాటు అది. కారూ, వారం సెలవూ, మంచి బూట్లూ ఉన్నవాళ్ళు చూసేసి, షేర్ ఆటోల్లో వచ్చేవాళ్ళకి చెప్పకూడదనుకోవడం దానికి మనవడి వరస. సీసా పగలగొట్టే చెయ్యి ఎప్పుడూ వేరేవాళ్ళదే అనుకోవడం కూడా అందులో భాగమే.

తీరిక అనే మాట తీరడం నుంచి వచ్చింది. పని తీరాక మిగిలేది తీరిక. ఎవరి పని, ఎవరు తీరిస్తే, ఎవరికి మిగిలింది అన్నది మనం అడగం. చిన్నప్పుడు వేసవి సెలవులంటే మాకు అనకాపల్లి వైపు అమ్మమ్మగారి ఊరు. చల్లపూట కాలవ గట్టు మీద నడక, తాటిముంజలు, రాత్రి డాబా మీద చాపలు. మా అమ్మమ్మకి అదే నెలలో మిరపకాయలు ఎండబెట్టడం, ఆవకాయ, ఊరగాయలు, గుమ్మడి వడియాలు, పైగా ఇంటినిండా మేం. ఆవిడ కాలవ గట్టు మీద సరదాగా నడవడం నేను ఒక్కసారీ చూడలేదు. చంద్రుడు బావున్నాడని మేం డాబా మీంచి పిలిస్తే "చూశాన్లే" అనేది కిందినుంచి. చూసిందో లేదో మరి.

ఊళ్ళో మూడో రాత్రి, అరుగు మీద ఈ మాటే వచ్చింది. మాకు దారి చూపించిన కుర్రాడు ఇంటర్ చదివి ఊరికే ఉన్నాడు. అతను సూటిగా అడిగాడు. "మేడమ్, మా ఊరి పేరుతో పెట్టండి. జనాలొస్తే నాలుగు టెంట్లు ఏసుకుంటాం. వంజంగిలో మావోళ్ళు ఏసుకోలేదా?" వాళ్ళ పిన్ని పక్కనే పనసతొనలు ఒలుస్తోంది. "ఏసంగిలో గెడ్డ నీళ్ళు మనకే సాలవు. ఆళ్ళకి తానాలకి ఎక్కడ తెస్తావురా?" అంది. ఆవిడ ఇంకో మాట కూడా అంది, వచ్చినవాళ్ళు స్నానాలు చేస్తున్న ఆడపిల్లల్ని ఫోన్లతో తీస్తారని. ఎక్కడో విన్నది కాదట, పక్క జలపాతం దగ్గర జరిగిందట. కుర్రాడి తల్లి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆళ్ళ కోసమైనా రోడ్డేస్తే మనకీ వస్తాది కదా" అంది.

ఆ మూడు మాటల్లో ఏది సరైనదో నాకు తెలుసని చెప్పలేను. కానీ ఒకటి తేలిపోయింది. చెప్పాలా దాచాలా అని నేను హైదరాబాద్ నుంచి మోసుకెళ్ళిన ప్రశ్నలో ఆ ఇల్లు లేదు. దాచడానికి ఆ కొండ నాది కాదు, పంచిపెట్టడానికీ నాది కాదు. నా చేతిలో ఉన్నది ఫోన్ మాత్రమే. ఆ ఊరి తగువులో ఆ ఫోన్ ఎవరో ఒకరి వైపు మొగ్గుతుంది, నేను మొగ్గకపోయినా.

ఈ ప్రాంతానికి వాటాల లెక్క కొత్త కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. ఇదే అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల భూముల్ని గనులకి లీజుకిచ్చిన గొడవ మీదే సుప్రీంకోర్టు 1997లో సమత తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం కూడా ఆ భూముల్ని గిరిజనేతరులకి లీజుకివ్వడానికి వీల్లేదంది. గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడివాళ్ళ అభివృద్ధికి నిధిగా ఉండాలని కూడా అంది. దృశ్యం ఖనిజం లాంటిదేనా అని నేను ఆ నాలుగు రోజులూ ఆలోచిస్తూ నడిచాను. తవ్వితే ఖనిజం తరుగుతుంది. చూస్తే కొండ తరగదు, నిజమే. నీళ్ళు తరుగుతాయి, నిశ్శబ్దం తరుగుతుంది, గెడ్డలో భయం లేకుండా స్నానం చేసే పొద్దున్నలు తరుగుతాయి. ఇంకో పోలిక కూడా ఉంది: రెండూ ఆ ఊరి నుంచి బయల్దేరి ఇంకెక్కడో విలువ తెచ్చుకుంటాయి. ఖనిజం జపాన్‌లో, నా ఫోటో నా స్నేహితుల ఫోన్లలో. గనికి ఒక తీర్పు ఉంది, వాటా అడగొచ్చు. లోయ వైపు కిటికీ ఉన్న రిసార్టు గదికి ఎక్కువ అద్దె తీసుకుంటారు, అందులో లోయ వాటా ఎంత అని అడిగే చోటు లేదు.

మరి నోరు మూసుకోవడం కాకుండా చెప్పే పద్ధతేమైనా ఉందా? నాకు మళ్ళీ మళ్ళీ ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొస్తాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసినాయన. 1830 మే 18న, సరిగ్గా ఇలాంటి ఎండల్లో, బయల్దేరి కాశీ వెళ్ళి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిపొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకి రాస్తూ వెళ్ళాడు. ఆయన పోయాక ఆ స్నేహితుడే 1838లో దాన్ని కాశీయాత్ర చరిత్రగా అచ్చువేశాడు. అందులో నాకు నచ్చేది వర్ణన కాదు. ఏ ఊళ్ళో బస దొరుకుతుంది, ఏ మజిలీలో అంగళ్ళున్నాయి, ఎక్కడ నీళ్ళున్నాయి, ఏ దారి గతుకులు, ఇవన్నీ రాయడం. తన వెనక వచ్చేవాడి కాళ్ళ గురించి ఆలోచించిన మనిషి. "నేను ఇక్కడికొచ్చాను" అనేది ఆ పుస్తకంలో ఉంది గానీ, "మీరొస్తే" అనేది అంతకన్నా ఎక్కువ ఉంది. ఆయన పల్లకీలో వెళ్ళాడనేది కూడా మర్చిపోను. మోసినవాళ్ళు ఆ ప్రయాణం గురించి ఏం రాసేవాళ్ళో మనకి తెలిసే అవకాశం లేదు. భుజం మార్చుకోడానికి పక్కన నడిచే ఇద్దరు ప్రతి కాలంలోనూ ఉంటారు కాబోలు.

నేను తిరిగొచ్చిన వారానికే ఆఫీసులో ఒకమ్మాయి ఎర్రమట్టి బాట ఫోటో చూసి, తప్పదన్నట్టు, "ఇదెక్కడ?" అంది. ఆ అమ్మాయికి చెప్పాను. బాట గురించి కాదు, ఆ ఇంటి గురించి. ముందు ఆ కుర్రాడికి ఫోన్ చేసి నంబరు ఇవ్వొచ్చా అని అడిగాను, "ఇవ్వండి" అన్నాడు, వెనక నుంచి వాళ్ళ పిన్ని గొంతు కూడా వినిపించింది, ఎంతమంది అని. నలుగురికి మించొద్దని, తాగే నీళ్ళు అరకులో కొనుక్కెళ్ళమని, గెడ్డ దగ్గర పొద్దున పూట ఫోన్ తియ్యొద్దని, భోజనానికి వాళ్ళు అడిగిన దానికంటే కొంచెం ఎక్కువే ఇవ్వమని చెప్పాను. ఆ అమ్మాయి మొహం చూస్తే, లొకేషన్ అడిగితే అప్పు పత్రం చేతికిచ్చినట్టుంది. వెళ్ళొచ్చింది మాత్రం. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. అది రహస్యమని కాదు, అరుగు మీది ఆ వాదన ఇంకా తేలలేదని. తేలాక ఆ కుర్రాడే పెట్టుకుంటాడు, అతనికీ ఫోనుంది.

ఆ నాలుగు రోజుల్లో చివరిది సంత రోజు. మేం బస్సు కోసం ఎదురుచూస్తూ, పసుపుకొమ్ములూ పనసకాయలూ పెట్టుకుని కూర్చున్న ఒకావిడ పక్కన నీడలో కూలబడ్డాం. "ఏ ఊరమ్మా మీది?" అంది. మాది విశాఖే, ఉద్యోగం హైదరాబాద్‌లో అన్నాను. విశాఖ తనకి తెలుసంది. మనవడికి జ్వరం ముదిరితే పెద్దాసుపత్రిలో పదకొండు రోజులున్నారట. వార్డు కిటికీలోంచి సముద్రం కనపడేదట, పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు.

"మరి దిగి దగ్గరికెళ్ళి చూళ్ళేదా?" అని అడిగింది నా స్నేహితురాలు.

ఆవిడ పసుపుకొమ్ములు సర్దుతూ, "టిక్కెట్టెంతో తెలీలేదమ్మా" అంది.

టికెట్టు లేదని చెప్పాం. ఆవిడ నమ్మలేదు. గుహలకుంది, జలపాతం దగ్గర బండి పెట్టడానికి ఉంది, అంత పెద్ద సముద్రానికి ఎందుకు లేదు అంది. బస్సు ఎక్కడ దిగాలో, అక్కణ్ణుంచి ఎలా నడవాలో నా స్నేహితురాలు నేల మీద పుల్లతో గీసి చూపించింది. ఎండ పడకముందే వెళ్ళాలని నేను చెప్పాను. ఈలోగా మా బస్సొచ్చింది.